మిగిల్చిన మాత్రలు

అక్కా,

తిట్లు తినడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను. సగం చదివి చింపెయ్యకు.

నాకు నిమోనియా వచ్చిందని పోయినసారి రాశాను కదా. ఎక్స్‌రే చూసిన డాక్టరు, ఆస్పత్రిలో చేరనక్కర్లేదు, ఇంటి దగ్గరే ఐదు రోజులు యాంటీబయాటిక్ మాత్రలు వాడమన్నాడు. మూడో రోజు మళ్ళీ వచ్చి చూపించుకోమన్నాడు. రెండో రోజుకే జ్వరం దిగింది. ఇంకా డాక్టరెందుకని కుట్టు దుకాణానికి వెళ్ళిపోయాను. ఇరవై ఏళ్ళుగా కటింగు మాస్టర్ని, బట్ట మిగిల్చే పనివాడని పేరు తెచ్చుకున్నవాణ్ణి. మాత్రలూ అలాగే మిగిల్చి, సొరుగులో భద్రంగా దాచాను. ఈ తెలివికి నువ్వు ఏ పేరు పెట్టినా పడతాను.

మా దగ్గర కాజాలు కుట్టే ఆవిడని అందరం కాజాలక్క అంటాం. ఆమెకు వారం నుంచి దగ్గు. "నాకూ ఇలాగే వచ్చింది, ఇది వేసుకో, రెండ్రోజుల్లో లేచి తిరుగుతావు" అని పెద్ద వైద్యుడిలా మాత్ర చేతిలో పెట్టాను. "నీ పుణ్యమా అని ఆస్పత్రికి తిరిగే బాధ తప్పింది మాస్టారూ" అంటూ మింగింది. అరగంటలో ఒళ్ళంతా దద్దుర్లు. పెదాలు వాచిపోయాయి, ఊపిరి అందలేదు. ఆస్పత్రికి మోసుకెళ్ళాం. ఇంజెక్షన్లు చేసి బతికించారు. ఏమైనా మందు వేసుకున్నావా అని డాక్టరు ఎన్నిసార్లు అడిగినా, నావైపు చూడకుండా "ఏమీ లేదండీ" అంది. నేనూ నోరు మెదపలేదు. యజమాని పక్కనే ఉన్నాడు. తెలిస్తే పనిలోంచి తీసేస్తాడని భయం. సిగ్గు అంతకన్నా ఎక్కువ.

ఇది రాస్తుంటే ఇప్పుడే తట్టింది అక్కా. ఆమె దగ్గు ఇంకా తగ్గలేదు. ఇంటికి పంపేటప్పుడు ఆ డాక్టరూ ఇదే మాత్ర రాసిస్తే? ఇంక కూర్చోలేను. వెళ్తున్నాను.

నీ చిన్నోడు

అక్కా,

గండం గడిచింది. ముందు ఆ మాట విని తర్వాత తిట్టు.

నేను వెళ్ళేసరికి డాక్టరు ఆమె మంచం దగ్గరే ఉన్నాడు. యజమాని కూడా ఉన్నాడు. ఇద్దరి ముందే మాత్రలు బయటికి తీసి జరిగింది చెప్పాను. డాక్టరు ఆ మాత్రల పేరు చదివి, అప్పుడే రాసిన చీటీ చింపేశాడు. ఆమె ఎక్స్‌రేలోనూ నిమోనియా కనిపించిందట. ఆ చీటీలో ఉన్నదీ ఇదే మందు. వేరే మందు రాసి, ఇది ఆమెకు పడదని కార్డు మీద పెద్ద అక్షరాలతో వేశాడు. నా దగ్గు విని నన్నూ పరీక్ష చేశాడు. తిరగబెట్టిందన్నాడు. నాకూ మళ్ళీ కొత్తగా మందులిచ్చాడు. యజమాని మాత్రం, "వారం రోజులు నా కళ్ళబడకు, తర్వాత పనిలోకి రా" అని విసురుగా వెళ్ళిపోయాడు.

"అడిగినప్పుడే ఎందుకు చెప్పలేదు?" అని కాజాలక్కని నిలదీశాను. అడగడానికి నాకు నోరెలా వచ్చిందో చూడు.

"మంచి చెయ్యబోయావు కదా మాస్టారూ. నీ పని పోతుందని చెప్పలేకపోయాను" అంది.

చచ్చేదాకా వచ్చి కూడా నా గురించే ఆలోచించింది అక్కా. వార్డులో అందరి ముందూ ఏడ్చేశాను.

ఆమె, "ఇవాళ్టి మాత్ర వేసుకున్నావా?" అనడిగింది.

లేదన్నాను. తన నీళ్ళ గ్లాసు నా చేతికిచ్చి, నేను మింగేదాకా చూస్తూ కూర్చుంది.

నీ తిట్ల కోసం ఎదురుచూసే,
నీ చిన్నోడు