జీతం లేని వారం

ఆకెన్,
మార్చి

ప్రియమైన బావగారికి,

ఫోన్లో నా మాట పూర్తికాకముందే మీరు జవాబు చెబుతారు. అందుకే రాస్తున్నాను.

మీ వర్క్‌షాపులో క్వాలిటీ విభాగం చూసుకొమ్మన్నారు. మీ చెల్లెలు సరయు పోయిన దగ్గర్నుంచి మీరు నా గురించి ఆలోచిస్తున్నారని తెలుసు. మా ఫ్యాక్టరీ మూతపడ్డాక నాకు వచ్చిన మొదటి పిలుపు మీదే. నాతో పాటు ఉద్యోగాలు పోయిన జర్మన్లు పోయినేడు ఎండాకాలం దాటకుండానే వేరే చోట్ల చేరిపోయారు. ఇంకా వెతుక్కుంటున్నది మా వీధివాళ్లమే. నేనూ, టర్కీ వాళ్లూ, కింది అంతస్తు కోజో. జాబ్‌సెంటర్ వరుసలో నిలబడితే మా వీధిలో నిలబడ్డట్టే ఉంటుంది.

కోజోది ఘనా. లేతు మిషను పని ఇక్కడే నేర్చుకున్నాడు, సర్టిఫికెట్ ఉంది. మా బిల్డింగుకి లిఫ్టు లేదు. సరయుని ఆసుపత్రికి తీసుకెళ్లిన ప్రతిసారీ కుర్చీని అవతలి వైపు పట్టుకున్నది అతనే. మొన్న ఆదివారం భోజనానికి పిలిచాను. గోడ మీద మీరూ సరయూ ఉన్న ఫొటో చూసి ఆగిపోయాడు.

"ఈయన నాకు తెలుసు. కొలత పరికరాలు చేసే షాపు ఓనరు కదా?"

"మా ఆవిడ అన్నయ్య. నీకెలా తెలుసు?"

"ఆయన దగ్గర వారం పనిచేశాను. కాఫీ చాలా బాగుంటుంది. జీతం అదే."

నవ్వుతూనే చెప్పాడు. పనితనం చూస్తామని మీ ఫోర్‌మన్ అతని చేత వారమంతా అమ్ముడుపోయే సరుకే చేయించాడు. బాగుంది, కబురు చేస్తామన్నాడు. చేయలేదు. అదే లేతు మీదికి, శిక్షణ కూడా పూర్తికాని ఒక జర్మన్‌ని మొదటి రోజు నుంచే జీతమిచ్చి పెట్టుకున్నాడు. కోజో వెళ్లి అడిగితే, "కస్టమర్లు వస్తూ పోతూ ఉంటారు, నువ్వే అర్థం చేసుకో" అన్నాడట.

ఇదంతా మీకు తెలియదనే అనుకుంటున్నాను. విచారించి ఆ వారం జీతం ఇప్పించండి. తర్వాత నేను చేరతాను.

ఉంటాను,
చంద్రకాంత్


ఆకెన్,
ఏప్రిల్

బావగారికి,

నిన్న ఫోన్లో మీరన్నది నాకు మాట పొల్లుపోకుండా గుర్తుంది. "చంద్రం, నువ్వు వేరు, వాళ్లు వేరయ్యా. ప్రోబె పని, అదే జీతం లేకుండా పనితనం చూడ్డం, ఇక్కడ మామూలే. ఆ వీధి పేరు చూస్తేనే మా వాళ్లు దరఖాస్తు కాయితం పక్కన పడేస్తారు. అతన్ని వారం ఉండనివ్వడమే గొప్ప."

అంటే మీకు తెలుసు.

ఆ వీధి పేరే నా కాయితం మీదా ఉంది. మీ చెల్లెలు ఇరవై ఏళ్లు ఉన్నదీ ఆ వీధిలోనే. "నేను మాత్రం నల్లవాణ్ని కాదా, నన్నెవరు పిలిచి పీట వేశారు?" అన్నారు. మీరు పడ్డ కష్టం నిజం. మీరు పడ్డారని ఇంకొకడు పడాలా?

సరయు చెప్పొద్దన్న విషయం ఒకటి చెబుతున్నాను. కాలక్షేపానికి లాండ్రీలో చేరానని మీతో అంది. అబద్ధం. వైజాగ్‌లో కెమిస్ట్రీ ఎమ్మెస్సీ చేసిన మనిషి. ఇక్కడి ల్యాబుల్లో ఇలాంటి జీతం లేని వారాలు చేసింది. ఒకచోట గాజు సామానంతా కడిగించి, చివరి రోజున "మీకు జర్మన్ భాష చాలదు" అన్నారు. కడగమని చెబితే అర్థమయ్యేటంత వచ్చు, పాపం. ఆ సాయంత్రం పగిలిన వేళ్లకి కొబ్బరినూనె రాసుకుంటూ, "అన్నయ్యకి చెప్పకండి" అంది. మీరు బాధపడతారని కాబోలు అనుకున్నాను.

"అది కాదండీ. వాడు వాళ్ల తరఫున మాట్లాడతాడు. అది నేను వినలేను."

ఆవిడ వినలేనన్నది నిన్న నేను విన్నాను.

మీ ఉద్యోగం నాకు వద్దు. కోజో జీతం కోజోకి ఇవ్వండి.

చంద్రకాంత్


ఆకెన్,
మే

బావగారికి,

మీరు ఇంటికి వచ్చారు. సరయు బతికుండగా రాని ఇంటికి. అందుకు సంతోషించాను. ఆ తర్వాత జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, ఎందుకంటే అడిగితే రేపు ఇదే చెప్పబోతున్నాను. ముందుగా మీకు తెలియడం మర్యాద.

కోజోని పిలవమన్నారు, పిలిచాను. మీరు మాట్లాడుతూ మాటిమాటికీ కిటికీలోంచి కారు చూసుకుంటున్నారు. "కారుకేం కాదు సార్" అన్నాడు కోజో. "ఈ వీధిలో దొంగలకి కూడా పని దొరకదు." నేను నవ్వాను. మీరు నవ్వలేదు. కవరు తీసి బల్ల మీద పెట్టారు.

"ఉంచు. నా సొంత డబ్బు. షాపుతో సంబంధం లేదు."

"షాపులోనే కదా సార్ పనిచేశాను. జీతం స్లిప్ ఇవ్వండి, తీసుకుంటాను."

"స్లిప్ ఇస్తే నీ చేత ఊరికే చేయించుకున్నానని ఒప్పుకున్నట్టేగా?"

"అదే సార్ నాకు కావలసింది."

అప్పుడు మీరు నావైపు తిరిగి తెలుగులో, "వీడికి పొగరు చూశావా చంద్రం? నువ్వైనా చెప్పు" అన్నారు. ఆ మాట జర్మన్‌లోకి మార్చి అతనికి చెప్పాను. నా ఇంట్లో కూర్చున్న మనిషి గురించి, అతనికి తెలియని భాషలో నా ముందు ఎవరూ మాట్లాడకూడదు. మీరు లేచారు. కవరు అతను ముట్టుకోలేదు, మీరే తీసుకున్నారు. మెట్ల మీద ఆగి, "ఒక పరాయివాడి కోసం ఇంటి మనిషిని వదులుకుంటున్నావు" అన్నారు.

ఆలోచించాను బావగారూ. సరయుని ఈ మెట్ల మీదుగా దించిన చేతులు పరాయివి కావు.

నాకింకా ఉద్యోగం లేదు. ఇక మీరు పిలవరని తెలుసు, పిలిచినా రానని మీకూ తెలియాలి. లేబర్ కోర్టులో ఫిర్యాదులు తీసుకునే కిటికీ ఒకటి ఉంది. లాయరు అక్కర్లేదు, నోటితో చెబితే వాళ్లే రాసుకుంటారు. రేపు పొద్దున్నే కోజోతో వెళ్తున్నాను. అతను చెబుతాడు, నేను పక్కన నిలబడతాను. నోటీసు మీ షాపు పేరున వస్తుంది.

సరయు చేసిన వారాలు కూడా రాయించవచ్చా అని నిన్న అక్కడ అడిగి వచ్చాను. గడువు ఎప్పుడో దాటిపోయిందన్నారు. కోజోది ఇంకా దాటలేదు.

మీ చెల్లెలి భర్త,
చంద్రకాంత్