నేను నేర్పని మాట

ఆషాఢ శుద్ధ తదియ
మా ఆయన చదువుకున్న నాటి నోటుపుస్తకంలో వెనక కాగితాలు ఇవి. ఎవరూ తెరవరు.
రంగూను నుంచి ఉత్తరం వచ్చింది. మావగారు కరణంగారి చేత చదివించుకుని పెట్టెలో పెట్టి తాళం వేశారు. అత్త నా వైపు చూడకుండా — "బాగున్నాడట." రెండేళ్లలో ఇది నాలుగోసారి. బారువ రేవులో ఓడ ఎక్కుతూ ఆయన, నిన్నూ పిలిపిస్తానన్నారు. ఆ మాట ఉత్తరంలో ఉందో లేదో... నాకు చదవడం వచ్చు. అడిగే నోరే లేదు. కోడలు అడగనూ కూడదు.

పంచమి
పెద్దబావగారి కూతురు సూరి. ఎనిమిదేళ్లది. మావగారికి ప్రాణం. దానికి చదువు వస్తే? ఉత్తరం అదే చదివితే?

దశమి
రోజుకో మాట. పలక మీద రాసి నేనో వాక్యం చెబుతాను, అదో వాక్యం చెప్పాలి.
ఓడ. "ఓడ రేవుకు వచ్చింది" అన్నాను. సూరి — "ఓడ మా సిన్నాన్నని పట్టుకుపోనాది."
పలక తుడిచేశాను.

శ్రావణ శుద్ధ విదియ
క్షేమం. నేను. ప్రయాణం. ఇచ్చట. పిలుపు. రాబోయే ఉత్తరంలో ఉండాలని కోరుకునే మాటలే వెతికి నేర్పుతున్నాను. అత్త కొబ్బరి ఈనెలు చీరుతూ — "ఏటే, వంకాయ, బెండకాయ నేర్పవా? అన్నీ రంగూను మాటలేనా?"

భాద్రపద బహుళ షష్ఠి
మావగారు వీధి అరుగు మీద అందరితో — "ఈపాలి ఉత్తరం నా మనవరాలే సదువుతాది. కరణంగారి గడప తొక్కక్కర్నేదు."

ఆశ్వయుజ శుద్ధ చవితి
వచ్చింది.
వంటింటి తలుపు వెనక నేను. సూరి కూడబలుక్కుంటోంది. "క్షేమం!" అని అరిచింది, తెలిసిన మాట దొరికిందని. తర్వాత తడబాటు. మావగారు — "సాలు, సాలు. ఎల్లి ఆడుకో." పెట్టె తాళం చప్పుడు. అత్త లోపలికి వచ్చింది. బాగున్నాడట అని కూడా అనలేదు.
సూరి కళ్లు తుడుచుకుంటూ — "తాత లాగేసుకున్నాడు పిన్నీ. ఒక మాట నువ్వు నేర్పనేదు." గుర్తున్నంత పలక మీద రాసి చూపింది.
నేను ఇచ్చట వివాహము
మొదటి రెండూ నేను నేర్పినవే. పెళ్లి అంటేనే దానికి తెలుసు, వివాహమంటే తెలీదు.
"దీనికి వాక్యం సెప్పు."
రేపు అన్నాను.

పంచమి
రేపు అన్నాను.

షష్ఠి
అన్నం ముట్టలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు. అందరికీ తెలుసన్నమాట. పుట్టింటికి పోతే ఏమని చెప్పాలి? ఉంటే ఎవరి కోడలిగా...

సప్తమి
పొద్దున్నే సూరి పలకతో వచ్చి కూర్చుంది. తుడవలేదు. "అన్ని మాటలకీ సెప్పినావు. దీనికే సెప్పవేటి?"
వసారాలో మావగారి దగ్గు ఆగింది. అత్త చేతిలో ఈనెల చప్పుడూ ఆగింది.
ఈ ఇంట్లో నా గొంతు మావగారు ఇంతవరకు వినలేదు.
"నేను వివాహమై ఈ ఇంటికి వచ్చాను" అన్నాను. గట్టిగానే అన్నాను.
సూరి బలపం పట్టుకుని చూస్తోంది.