కోయమంటారా, ఉంచమంటారా

తహసీల్దారు వారి సముఖమునకు, బండారులంక కాపురస్తుడు, చేనేత పనివాడు సత్తిబాబు విన్నవించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: వచ్చుచున్న తుపాను దృష్ట్యా మగ్గముపై నున్న చీరను కోయవలెనా, ఉంచవలెనా తెలియజేయుట గురించి.

1. మాది గుంట మగ్గం. గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుని నేస్తాం. వాన గట్టిగా పడితే నీరు ముందు చేరేది ఆ గుంటలోకే. మగ్గానికి కట్టిన పడుగు దారం తడిస్తే గంజి పోయి, రంగు దిగి, ఎందుకూ పనికిరాదు. ముందుగా కోసి అటక ఎక్కిస్తే దారం దక్కుతుంది. చీర దక్కదు.

2. నిరుడు ఇలాగే ఫోనులో రెడ్ అలర్ట్ వచ్చినది. కోసేశాను. తుపాను ఒడిశా వైపు తిరిగిపోయినది. మర్నాడు మా వీధిలో వడియాలు ఎండబెట్టుకున్నారు. ఇందులో ఎవరి తప్పూ లేదు.

3. ఇప్పుడు మగ్గం మీదున్న చీర అమ్మకానిది కాదు. నా భార్య మంగాయమ్మ పెళ్లయిన నాటి నుండి నాకు నూలు కండెలు చుడుతోంది. తాను కట్టుకోవడానికి ఒక్క చీరయినా ఈ మగ్గం మీద దిగలేదు. ఈసారి పట్టుబట్టి మొదలుపెట్టాను. వంగపండు రంగు, ఆవిడ కోరినదే. సగం పైన అయినది.

4. నిన్న ఆరెంజ్ అన్నారు. ఈ ఉదయం రెడ్. అంతర్వేది దగ్గర తీరం దాటవచ్చు, దిశ మారనూ వచ్చు అంటున్నారు. మెసేజి వచ్చిన ప్రతిసారీ కత్తెర తీస్తున్నాను, మళ్లీ పెట్టేస్తున్నాను. వీఆర్వో భాస్కర్ గారిని అడిగితే, "మనుషుల్ని హైస్కూలుకి తరలించమన్నారండి. మగ్గం సంగతి నేనేం చెప్పేదండీ" అన్నారు. ఆయన మాత్రం ఏం చేస్తారు. మంగాయమ్మ "మీ ఇష్టమండి" అని అటు తిరిగింది.

కావున తమరు దయతో విచారించి, కోయమనో వద్దనో ఒక్క మాట సెలవిప్పించవలెను. తమకూ తెలియదని నాకు తెలుసు. అయినను అడుగుటకు మరొకరు లేరు గనుక చిత్తగించవలెను.

తమ విధేయుడు,
సత్తిబాబు

తా.క.: సంతకం పెట్టి తలెత్తేసరికి మంగాయమ్మ మగ్గం దగ్గరుంది. రాస్తుండగానే వాన ముంచుకొచ్చి గుంటలో చీలమండ లోతు నీరు. "అర్జీ తర్వాత రాద్దురు గాని, ఈ కొస పట్టుకోండి" అంది. పట్టుకున్నాను. తనే కోసేసింది. పడుగు అటక మీద పెట్టి హైస్కూలుకి బయల్దేరాం. నేసినంత ముక్కా నెత్తిన కప్పుకుంది. "తడిసిపోద్దే" అన్నాను. "ఆయ్. కట్టుకోడానికి చాల్లేదు, కప్పుకోడానికైనా వచ్చిందండి" అంది. ఈ కాగితం స్కూల్లో భాస్కర్ గారి చేతికిస్తున్నాను. తమరు జవాబు ఇవ్వనక్కర్లేదు.