రంగప్ప మగ్గానికి అతికిన పోగులు

ఫిబ్రవరి 2, ఆదివారం

ప్రభు బల్ల దగ్గరికి పోలేదు. ఇది నాలుగో నెల. వరుస కదిలినప్పుడు మోకాళ్ళ నొప్పి అని బెంచీ మీదే ఉండిపోయాను. పాస్టరమ్మ చూసింది.

నొప్పి మోకాళ్ళలో లేదు. రంగప్ప మీద ఇంత పగ పెట్టుకుని ఆ రొట్టె ముట్టలేను.

ఫిబ్రవరి 3

తెల్లవారి ప్రార్థన. "తండ్రీ" అన్నాను. వెంటనే వాని ముఖం. వాని మగ్గం మూలపడాలని అడిగాను. వాడు చెప్పిన మాట ఊళ్ళో ఎవరూ నమ్మకుండా పోవాలని అడిగాను. ఆమేన్ కూడా అన్నాను.

ఫిబ్రవరి 8, శనివారం

ఆదోని పోయి వచ్చాను. తమ్ముడు మిల్లు గేటు దగ్గర స్టూలు వేసుకుని పత్తి బండ్ల నంబర్లు రాస్తున్నాడు. ఎడమ చేత్తో. ఒకటో తరగతి అక్షరాలు. కుడి చేతికి చూపుడు వేలు లేదు, మధ్య వేలు లేదు.

"ఎనిమిది వేళ్ళతో పది ఆజ్ఞలు యెట్ల లెక్కబెట్టేదక్కా? తొమ్మిదోది, పదోది ఇడిసిపెట్టేసినా."

నవ్వుతాడు దానియేలు. నాకు నవ్వు రాదు. తొమ్మిదోది అబద్ధ సాక్ష్యం గురించి. రంగప్ప చేసింది అదే కదా. నూలిచ్చి నేయించే షావుకారు ముందు నిలబడి — "నూలు చిలపలు దానియేలే ఎత్తుకపోయినాడు, నా కండ్లతో చూసినా" — సొంత చిన్నాయన కొడుకు అన్న మాట. మా ఇల్లంతా వెతికారు. ఒక్క పోగు దొరకలేదు. అయినా ఎమ్మిగనూరులో మళ్ళీ ఎవరూ వానికి నేత పని ఇవ్వలేదు. అందుకే ఆదోని. అందుకే ఆ మిల్లు, ఆ మిషను, ఆ వేళ్ళు.

అమ్మ పోయినప్పుడు వానికి ఆరేండ్లు. ఒళ్ళో కూర్చోబెట్టుకుని నూలు కండె చుట్టడం నేర్పింది నేనే.

బస్సులో దారి పొడుగునా రంగప్ప వేళ్ళు లెక్కబెట్టుకుంటూ వచ్చాను. పదికి పది ఉన్నాయి.

ఫిబ్రవరి 12

పాస్టరయ్యగారితో చెప్పేశాను. పేరు చెప్పలేదు. ఆయనకు తెలుసు.

"తలంపు వచ్చినప్పుడల్లా ఆ మనిషి పేరు పెట్టి దీవించమ్మా. మొదట నోటితోనే కానీ. మనసు నిదానంగా వెనకాల నడిసొస్తాది."

ఫిబ్రవరి 13

దీవించాను. నోటితో.

ఫిబ్రవరి 14

పన్నెండు సార్లు దీవించాను. పదమూడోసారి శాపమే వచ్చింది. నోరు కడుక్కున్నాను.

ఫిబ్రవరి 27

రంగప్ప పెండ్లాం లక్ష్మి వచ్చింది. ఏడాది తర్వాత మా గడప తొక్కడం. కూర్చోమంటే కూర్చోలేదు. వాళ్ళకు అచ్చు అతికే ఆమె, అంటే పాత పోగుల కొసలకు కొత్త పోగులు కలిపే ఆమె, కూతురి కాన్పని హొళగుంద పోయిందట. మగ్గం మీద పాత పడుగు అయిపోయింది, కొత్త పడుగు అతికేవాళ్ళు లేరు. పెండ్లి చీరలు, గడువు దగ్గర పడింది.

"నీ చేయి పడితే పోగు తెగదంట వదినా. వీధిలో అందరూ అంటారు. ఆయప్పకు నిన్ను అడిగే ముఖం లేదు. నేనే వచ్చినా."

వస్తానన్నాను. ప్రార్థన చేసి ఒప్పుకోలేదు. ఒప్పుకున్న తర్వాత ప్రార్థన చేశాను. అది ప్రార్థన కాదు, లెక్క చూసుకోవడం. పురి గట్టిగా పడని పోగు చేతికి తెలియదు, కంటికి కనపడదు. దువ్వెన లాంటి అచ్చు పండ్లలో నుంచి లాగేటప్పుడు జారిపోతుంది. నడుమ అరవై పోగులు జారితే చాలు. వెతికి వెతికి మళ్ళీ గుచ్చుకునే సరికి వాని గడువు దాటుతుంది.

నా పేరు పోతుంది. పోనీ.

మార్చి 5, భస్మ బుధవారం

గుడిలో అయ్యగారు నుదుట బూడిద పెట్టారు. తల వంచాను. రేపు పోగులు అతకడానికి వేలికి అద్దుకునేదీ బూడిదే. ఈ తలంపు రాకుండా ఉంటే బాగుండేది.

మార్చి 6

మొదటి రోజు. మగ్గం ముందు నేను, పక్కన సాసరులో బూడిద. పాత పోగు కొస, కొత్త పోగు కొస, బొటనవేలితో ఒక్క తిప్పు. వందలు వందలు.

రంగప్ప గడప దగ్గర నిలబడి —

"దానియేలు యెట్లుండాడక్కా?"

"ఉండాడు."

"చేయి..."

"ఉండేంతవరకు ఉంది."

బయటికి పోయాడు. ఆ తర్వాతే మొదలుపెట్టాను. ఒకటి, రెండు, మూడు... అరవై. పురి సగమే.

ఇంటికి వచ్చి కడుపు నిండా తిన్నాను. ఎన్ని నెలలైందో అట్లా తిని.

మార్చి 7

పడుగంతా అతకడం అయిపోయింది. ఇక లాగడమే. వాళ్ళ ఇంట్లో లాగే ముందు టెంకాయ కొడతారు. లక్ష్మి టెంకాయ చేతిలో పట్టుకుని ఆగింది.

"వదినా, నువ్వు మూడు పొద్దులూ మోకాళ్ళ మీద ఉండే మనిషివి. మీ దేవునికి కూడా ఒక మాట సెప్పు. పడుగు మీద చేయి పెట్టి సెప్పు."

నా చేయి తీసుకుని తనే పోగుల మీద పెట్టింది. సరిగ్గా ఆ అరవై మీదనో ఎక్కడో.

నోరు తెరిచాను. "ప్రభువా" అన్నాను. ముందుకు పోలేదు. దీవించు అనాలి. అంటే ఎవరితో అంటున్నాను? పురి వదులుగా పెట్టింది ఎవరో ఆయనకు తెలుసు.

"యేమైంది వదినా?"

"లాగొద్దు. రేపు లాగుదురు."

మార్చి 8

ఇది రాయాలి. దాచకుండా.

పొద్దున్నే పోయి మగ్గం ముందు కూర్చున్నాను. ఆ అరవై ఎక్కడున్నాయో కనిపెట్టలేకపోయాను. ముప్పై అయిదేండ్ల పనితనం. అబద్ధం పురి కూడా నిజం పురి మాదిరే ఉంది. నడుమ ఉన్నవన్నీ ఒక్కొక్కటే గుంజి చూడాలి. గుంజుతూ కూర్చున్నాను.

రంగప్ప వచ్చాడు. "యేందక్కా, అతికిందే అతుకుతాండావు? కండ్లు కనపడవా యేంది?"

"కనపడతాయి. నీ మీద పగతో అతికినా. జారిపోయేటట్ల."

లక్ష్మి చేతిలో చెంబు కింద పెట్టింది. కొట్టడానికి వస్తాడనుకున్నాను. వస్తే బాగుండు అనుకున్నాను కూడా. వాడు వచ్చి పడుగుకు అవతల కూర్చున్నాడు. ఒక పోగు గుంజాడు. ఇంకొకటి. మూడోది జారి వాని చేతికి వచ్చింది. నాకు అందించాడు. నేను అతికాను.

అట్లా ఎంతసేపో. తల ఎత్తకుండా అన్నాడు —

"ఆ పొద్దు నేను చూడలేదక్కా."

"యేం చూడలే?"

"దానియేలు నూలు తీసేది. చూడలేదు. షావుకారు నా మీదే అనుమానం పడినాడు. భయమైంది. నోటికి దానియేలు పేరు వచ్చింది."

నోటికి వచ్చిందట.

కత్తెర నా మోకాలి పక్కనే ఉంది. పడుగంతా ఒక్క కోత. కత్తెర చేతిలోకి ఎప్పుడు తీసుకున్నానో తెలియదు. తీసుకున్నాను. లక్ష్మి "వదినా" అంది, చిన్నగా. ప్రభువా అన్నాను. నిన్న ఆగిన చోటే. వేరే మాట ఏదీ రాలేదు. దీవెన రాలేదు, శాపం రాలేదు. ఆ ఒక్క పేరునే పట్టుకుని ఉన్నాను. పడిపోతున్న మనిషి గోడ పట్టుకున్నట్లు.

కత్తెర లక్ష్మి చేతికిచ్చాను. "దీన్ని ఈడ పెట్టొద్దు. అవతల పెట్టు."

మిగతావి అతికాను. మొత్తం యాభై ఎనిమిది దొరికాయి. రెండు దొరకలేదు.

మార్చి 9, ఆదివారం

పడుగు లాగారట. రెండే జారాయట. లక్ష్మి గుడి బయట నిలబడి చెప్పి పోయింది. నాకు సంతోషం లేదు. దుఃఖమూ లేదు. ఆ రెంటి కోసం వాడు ఎంతసేపు వెతికాడో అడగాలనిపించింది. అడగలేదు. అంతవరకే మారాను.

మార్చి 11

రంగప్పతో వాళ్ళ ఇంటి ముందే చెప్పాను. "నాకు సెప్పినావు, చాలదు. షావుకారుకు సెప్పు. దానియేలు ముందర నిలబడి సెప్పు."

"చీరలు మగ్గం దిగినాంక పోతానక్కా."

మార్చి 15

పోలేదు. దీవించాను.

మార్చి 19

పోలేదు. దీవించాను, పండ్లు కొరుకుతూ.

మార్చి 22

షావుకారుకు చెప్పాడట! బజారులో కూరగాయల ఆమె నాకు చెప్పింది. "మీ తమ్ముడు తీయలేదంట కదమ్మా. నేను అప్పుడే అనుకున్న్యా." అప్పుడే అనుకున్నదట! అప్పుడు మా ఇంటి దిక్కు కూడా చూడలేదు.

ఇంటికి వచ్చి ఏడ్చాను. దేవునికి కృతజ్ఞత చెప్పాను. చెబుతూనే అనుకున్నాను — వేళ్ళు ఎవరు తెస్తారు?

మార్చి 28

రంగప్ప రేపు ఆదోని పోతాడు. ఒక్కడే పోలేనన్నాడు. "నువ్వు వస్తేనే అక్కా. దానియేలు నన్ను చూస్తే యేం చేస్తాడో."

"యేం చేసినా పడాల."

"పడతా. నువ్వు ఆడ ఉంటే చాలు."

తమ్మునికి ఫోనులో చెప్పాను. మిల్లు చప్పుడు వినపడుతూ ఉంది. తర్వాత — "రానీ అక్కా. ఎడమ చేయి బాగుండాది." ఈసారి నవ్వలేదు.

నేను కోరుకున్నది ఇదే కదా. అయిదు నెలలుగా. వాడు దానియేలు ముందు నిలబడాలని, దానియేలు చేయి ఎత్తాలని. ఇప్పుడు అది తలుచుకుంటే రంగప్ప ముఖంతో పాటు తమ్ముని ముఖం కూడా కనపడుతుంది. కొట్టిన తర్వాతి ముఖం. అది నేను పెంచిన ముఖం కాదు.

అయినా ఒక్క దెబ్బ... ఒక్కటే అయితే...

మోకరించాను. లేచాను. మళ్ళీ మోకరించాను.

సాయంత్రం లక్ష్మి వచ్చింది. "ఆయప్ప మధ్యాన్నం నుంచి అన్నం ముట్టలేదు వదినా. రేపు ఆయప్పను ఇడిసిపెట్టవు కదా?"

బస్సు ఏడున్నరకు, ముందుగా రమ్మన్నానని చెప్పమన్నాను. ఆమె అడిగిన దానికి అది జవాబు కాదు. దానియేలు చేయి ఎత్తితే ఆ చేయి నేను పట్టుకుంటానా... నన్ను నేను ఇంకా అడుగుతూనే ఉన్నాను.