రెజీనా ఎవరో ఇక వెతకవద్దని

రైల్వే క్వార్టర్లు, విటెక్లూఫ్,
కేప్ ప్రాంతం, దక్షిణాఫ్రికా.
3 ఆగస్టు 1959

జాతి నమోదు అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మా అమ్మగారి ముత్తవ్వ రెజీనా వంశమూలములు వెతికించమని నేను పెట్టుకున్న దరఖాస్తును నేనే రద్దు చేయమని కోరుట గురించి.

విటెక్లూఫ్ స్టేషనులో పందొమ్మిదేళ్ళుగా సిగ్నల్‌మాన్‌గా పనిచేయుచున్న ఫ్లోరిస్ బ్రెడెన్‌కాంప్ విన్నవించుకొనునది ఏమనగా:

1. మా చర్చి నూట యాభయ్యేళ్ళ పండుగకు పాత తెల్ల కుటుంబాల పేర్లు రాతిపలకపై చెక్కిస్తామని పాస్టరు గారు చెప్పినారు. అందుపై రెజీనా ఏ డచ్చివారి ఆడపడుచో తెలుపవలసినదిగా మార్చిలో పాత రికార్డుల కార్యాలయానికి రాసుకున్నాను. గర్వం కొద్దీ చేసిన పని. ఒప్పుకుంటున్నాను.

2. మే నెలలో జవాబు వచ్చినది. రెజీనా భీమునిపట్నం తీరం నుంచి ఓడలో తెచ్చిన బానిస అనియు, అప్పటికి వయసు పద్నాలుగనియు, తల్లిదండ్రుల పేర్లు రాసి లేవనియు అందులో ఉన్నది. ఆ కాగితం పొయ్యిలో పెట్టాను. నకలు తమకు కూడా పంపినారని నాకు తెలియదు.

3. జూలై 21న మేము భోజనానికి కూర్చున్న వేళ తమ మనుషులిద్దరు వచ్చి, నా కూతురు ఎల్సబె జుట్టులో పెన్సిలు గుచ్చి తల ఊపమన్నారు. జారిపడితే తెల్లజాతి, జుట్టులో నిలిస్తే కాదట. పెన్సిలు జారిపడింది. మళ్ళీ గుచ్చారు. ఈసారి నిలిచింది. ఒకాయన పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. పిల్లకు పదకొండేళ్ళు. "నాన్నా, నేనేం తప్పు చేశాను?" అని అడిగింది. ఈ ప్రశ్నకు ఏ కార్యాలయం జవాబిచ్చునో తెలియక తమకే నివేదించుకొనుచున్నాను.

4. నాటినుంచి పక్కింటివారు మమ్మల్ని చూసి తలుపు వేసుకుంటున్నారు. బడిలో ఎల్సబె బెంచీ మీద ఇంకెవరూ కూర్చోవడం లేదు. నా ఉద్యోగం తెల్లవారికిచ్చేది కనుక పనీ, క్వార్టరూ రెండూ పోతాయని స్టేషను మాస్టరు మెల్లగా చెప్పాడు. ఇంతలో ఈ నెల 14న విచారణకు రమ్మని తమ తాఖీదు అందినది.

కాబట్టి ఆ రెజీనా వేరు, మా రెజీనా వేరు అని తేల్చవలెను. అది కుదరని పక్షమున నన్ను తమకు తోచిన జాతిలో రాసుకొని, పిల్లను మాత్రం ఉన్నచోట ఉండనివ్వవలెను. దాని తండ్రిని కానని సంతకం చేయమన్నా చేసెదను.

ఈ నాలుగు మాటలూ దయతో చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ఫ్లోరిస్ బ్రెడెన్‌కాంప్

తా.క. ఇది మా అమ్మకు చదివి వినిపించాను. ఆమెకు ఎనభయ్యొక్కేళ్ళు. రెజీనా సంగతంతా ఆమెకు చిన్ననాటి నుంచీ తెలుసునట. సంతకం చేస్తానన్న మాట వినగానే మొహం తిప్పుకున్నది. చివరకు తాను చెప్పినది ఒక్క ముక్క మార్చకుండా రాయమన్నది:

"రెజీనాకి ఇద్దరు కూతుళ్ళురా. పెద్దామె మా అవ్వ. చిన్నామె ఇప్పుడు నువ్వు 'అయ్యా' అంటున్నావే, ఆయన తాతముత్తాతల ఇంటికే కోడలుగా వెళ్ళింది. పద్నాలుగో తారీఖున నేనూ వస్తాను. ఈలోగా వాళ్ళమ్మని అడిగి ఉంచుకోమను."