నా నిదానం, ఆయన నిద్ర

ఆదివారం, రాత్రి

మారథాన్ కోసం ఇవాళ ఇరవై ఆరు కిలోమీటర్లు పరిగెత్తాల్సింది. పద్దెనిమిది దగ్గరే ఆగిపోయాను.

ఎండ ముదిరేలోపు ముగించాలంటే నాలాంటి నిదానపు మనిషి మూడింటికే బయలుదేరాలి. చీకట్లో ఒంటరిగా వద్దని మా ఆయన స్కూటర్ మీద వెనకే వస్తున్నాడు. రాత్రి పన్నెండు దాకా పాలవ్యాను నడిపి వచ్చిన మనిషి. ఐరాల రోడ్డులో వెనక లైటు ఒక్కసారిగా పక్కకు తిరిగింది. చూస్తే స్కూటర్‌తో సహా గట్టు కింద పడి ఉన్నాడు. నా వెనక వస్తూ వస్తూ నిద్రపోయాడు.

మోచేయి చీరుకుపోయింది. నేను ఏడుస్తుంటే, "నాకేం కాలేదు లేమే. ఇంకా ఎనిమిదే కదా ఉండాది, పరిగెత్తు," అన్నాడు.

"ఇంక చాలు. మానేస్తా."

"ఏం మానేది? పెండ్లైనకాడ్నుంచి నీకోసరమని నువ్వు అడిగింది ఇదొకటే."

ఆ మాట విన్నాక అడుగు పడలేదు. ఇద్దరం స్కూటర్ మీద ఇంటికి వచ్చేశాం.

వచ్చే వారం ముప్పై. నా పరుగుకు ఐదు గంటలు. వేగంగా పరిగెత్తేవాళ్లు అదే దూరం మూడు గంటల్లో ముగించి ఇంటికి పోయి పడుకుంటారు. నా నిదానం ఆయన నిద్రను కూడా తింటోంది. ఇంత చేసినా, అసలు రోజున ఏడు గంటల గడువులోపు చేరతానన్న నమ్మకం నాకే లేదు.

మానేస్తానని గట్టిగా చెబుదామని ఇందాక గదిలోకి వెళ్లాను. కట్టు కట్టిన చేత్తోనే ఫోన్‌లో వచ్చే ఆదివారానికి అలారం పెట్టుకుంటున్నాడు.

"ఒకటిన్నరకా, రెండుకా?" అన్నాడు.

ఒకటిన్నర అని చెప్పి వచ్చేశాను.