చిటికెడు మేడారం బెల్లం

బెంగళూరు,
మంగళవారం

తరిగొప్పులల ఉన్న అక్కకు నీ చెల్లె దండాలు.

నువ్వు, బావ మంచిగున్నరని తలుస్త. నీ మోకాళ్లు ఎట్లున్నయి? నేను బాగనే ఉన్న. మూడుసార్లు రాసినా నువ్వు నమ్మవు, అయినా రాస్తున్న. ఇక్కడికొచ్చి మూడు నెలలాయె. పొద్దున చలి, మధ్యాహ్నం ఎండ. సాంబారుల బెల్లం వేస్తరు, పాయసమనుకొని తింటున్న. దవాఖాన వరండాల తెలుగు వినబడితే చాలు, ఎవరినన్న పట్టుకొని మాట్లాడుత.

ఇగ మన మనవరాలు చిన్ని సంగతి. పుట్టినకాడి నుంచి నెలనెలా ఎవరిదో రక్తం ఎక్కిస్తే బతికిన పిల్ల కద. ఇక్కడ దాని రక్తం పుట్టించే కణాలనే బయటికి తీసి, లోపలున్న తప్పు దిద్ది, మళ్లీ ఎక్కించిన్రు. కుదిరితే ఇగ ఎవరి రక్తమూ అక్కర లేదు. అవి కుదురుకునేదాక ఒంట్ల రోగాన్ని ఆపే బలం ఉండదని అద్దాల గదిల పెట్టిన్రు. బయటి తిండి, పువ్వు, ఏదీ లోపలికి రావద్దు. నాతోని, నా బిడ్డ సుజాతతోని సంతకాలు కూడ తీసుకున్నరు.

నువ్వేమో పిల్ల బరువు ఫోన్ల అడిగి, మేడారంల అంత బెల్లం తూకం వేసి మొక్కు తీర్చి, ప్రసాదం పొట్లం పంపితివి. నేను నవ్విన. ముప్పై ఏండ్లు జనగామ బడిల సూక్ష్మజీవుల పాఠం చెప్పినదాన్ని. పొట్లం సంచిలనే పడేసిన. చిన్నికి నోరంత పుండ్లు, ఆరు దినాలు మెతుకు ముట్టలే. "అమ్మమ్మా, ఏదన్న తియ్యగ పెట్టవా" అన్నది. మరునాడు, పోయిన బుధవారం, దవాఖానోళ్లిచ్చిన గౌను కింద ఆ బెల్లం కొంగున ముడేసుకొని పోయిన. సుజాత స్నానానికి పోయిన వేళ చిటికెడు దాని నాలుక మీద పెట్టిన. లక్షల మంది తొక్కిన అమ్మల గద్దె మీది బెల్లం, అక్కా. పాఠం మరువలే. తెలిసే పెట్టిన.

మూడో దినానికి జ్వరం. దిద్దిన కణాలే ఎదురు తిరిగినయేమో అన్నది డాక్టరమ్మ. ఆ అనుమానంతోనే పక్క గదిల మహబూబాబాద్ తండా పిల్లకు చెయ్యబోయే అదే వైద్యం ఆపేసిన్రు. దాని తల్లి గోడకు ఒరిగి కూసున్నది. ఆమె పక్కనే రెండు దినాలు నోరు మూసుకొని కూసున్న. నా నోరు ఎన్నడూ మూయించలేని మన చుట్టాలు చూస్తే సంబరపడుదురు.

నిన్న డాక్టరమ్మకు చెప్పిన. తిట్టలే. "ఈ మాట జ్వరం వచ్చిన్నాడే చెప్పాల్సిందమ్మా" అని, మందు మార్చనీకి ఉరికింది. తండా పిల్ల వైద్యం గురించి మళ్లీ ఆలోచిస్తమన్నరట. నన్నిగ గదిలకు రానియ్యరు. సుజాత నాతోని మాట్లాడుత లేదు. జ్వరం తగ్గలే.

ఫోన్ల చెప్పే ధైర్యం లేక రాస్తున్న. పంపినందుకు నువ్వు కుమిలిపోకు, పెట్టిన చెయ్యి నాది. ఇగ ఏదీ పంపకు. బావకు దండాలు చెప్పు. నాకియ్యాల్సిన దీవెన కూడ పిల్లకే ఇయ్యి.

పొద్దున సుజాత బయటికొచ్చి, నా దిక్కు చూడకుండనే ఒక్క మాటన్నది: "అద్దం కాడ నిలబడు. నిన్ను అడిగింది."

పోయి నిలబడ్డ. అప్పటికే చిన్ని కండ్లు మూసుకున్నది. ఎప్పుడు తెరుస్తదో అని, నర్సు పొమ్మనేదాక చెయ్యి ఊపుకుంటనే ఉన్న.

నీ చెల్లె,
విమల